కొండ అనడం తేలిక

నవంబరులో ఒక మంగళవారం
ఇథెల్ తలలో ఏదో నరం చిట్లింది.
కుడిచెయ్యి పోయింది. దాని వెనకే మాటలూ పోయాయి.
కప్పు, దువ్వెన, తాళంచెవి,
కుక్క పేరు, నా పేరు,
అన్నీ.

మిగిలినవి సామెతలు.

బుధవారాలు ఆస్పత్రి నుంచి మెరెరిద్ వస్తుంది
బొమ్మల చీట్లు పట్టుకుని.
"ఇదేమిటి ఇథెల్?" కెటిల్ బొమ్మ.
చూస్తాడు, చూస్తాడు,
పెదవి ఒక పక్కే లేస్తుంది.
"ప్రతి ఎదురుచూపూ పొడుగే" అంటాడు,
తడబాటు లేకుండా, చాపెల్లో వాక్యం అప్పజెప్పినట్టు.
"అవి వేరే అరలో ఉంటాయి" అంది మెరెరిద్,
"చిన్నప్పుడే గోడలోకి దిగిన మేకులు,
వరదొచ్చినా కొట్టుకుపోవు."
నేను వెళ్ళి టీ పెట్టాను.
అతనికి కావలసింది అదే.

అలా ఆరు నెలలు పట్టింది,
నలభై నాలుగేళ్ళ కాపురం తర్వాత
మొగుడి భాష నేర్చుకోవడానికి.

"పాట ఎటు తిరిగినా ఆఖరికి పైసా దగ్గరికే" అంటే
పోస్టు వ్యాను కనిపించింది, కరెంటు బిల్లు వచ్చింది.
"నీళ్ళు పారేది పల్లానికే" అంటే
ఆలోచించడానికి వ్యవధి లేదు,
బాత్రూం దాకా భుజం ఇవ్వాలి.

ఒకరోజు ఫెళ్ళున ఎండ కాస్తుంటే
"ముసలమ్మలూ చేతికర్రలూ కురుస్తున్నాయి" అన్నాడు.
జడివానకి మావాళ్ళు అనే మాట.
బయటికి చూశాను.
గని గుట్టల మీద ఒక్క మబ్బు లేదు.
ఎందుకైనా మంచిదని తీగ మీద బట్టలు తెచ్చేశాను.
మళ్ళీ అన్నాడు. మళ్ళీ. ఈసారి అరిచాడు.
సాయంత్రానికి గాని నా బుర్రకెక్కలేదు:
తలుపు మూల ఉంది అతని చేతికర్ర.
అంత వానలోంచి
ఒక్క కర్రని ఏరి అడుగుతున్నాడు మనిషి.

ముప్పై ఒక్క ఏళ్ళు గనిలో పలక చీల్చాడు.
ఉలి ఆనించి, చెక్కసుత్తితో మెల్లగా తట్టి,
రాయి దానంతట అది పుస్తకంలా విచ్చుకునేదాకా.
డచెస్, కౌంటెస్ అని సైజులకు దొరసానుల పేర్లు.
మా వీధి ఇళ్ళకప్పులన్నీ ఆ చేతి మీదుగా పోయినవే.
పలక చీల్చిన చేతికి
పలుకు చీలడం లేదు.
"పదే పదే తట్టితే బండైనా పగులుతుంది."
అందరూ ఎరిగిన ఆ సామెత ఒక్కటే
అతను నోటితో అనడు.
ఎడమచేత్తో అంటాడు, దుప్పటి మీద,
నిద్రలో కూడా.

ఈస్టరుకి మాక్సెన్ వచ్చాడు.
పదహారో ఏట పాస్టరుగారి కారు తీసుకెళ్ళి
ఏటి గోడకి గుద్దిన ఘనుడు.
ఆ రోజు నేను వాణ్ణి వెనకేసుకొస్తే
ఇథెల్ నా మీద విసిరిన రాయి ఒకటుంది:
"కాకి కంటికి తన పిల్ల తెల్లన."
ఆ తర్వాత ఏడాది పైగా
తండ్రీకొడుకులకు నేనే తపాలా.
ఇప్పుడు వాడు మంచం పక్కన కూచుంటే
ఆ బట్టతల నిమురుతూ
అదే సామెత. ఒక్క అక్షరం మారలేదు.
మాక్సెన్ బయటికెళ్ళి
శుభ్రంగా ఉన్న కారుని చాలాసేపు కడిగాడు.

"కొండ అనడం తేలిక, కొండ దాటడం కష్టం."
ఎవరు కట్టారో గాని తిరగేసి కట్టారు.
చీకటితో లేచి, టిఫిన్ డబ్బా చంకన పెట్టి,
మోకాటి లోతు మంచులో
రోజూ ఆ కొండ దాటి పనికెళ్ళినవాడు,
మెరెరిద్ కొండ బొమ్మ చూపిస్తే
చెమటలు పట్టి కూచున్నాడు.
సామెత మొత్తం వస్తేనే కొండ వస్తుంది.
విడిగా పిలిస్తే రాదు.

నాకున్న దిగులు వేరు.
కాకి ఉంది, ముసలమ్మలున్నారు, పైసా ఉంది.
మా తాతలు కట్టిన ఏ సామెతలోనూ
నెస్టా అనే మనిషి లేదు.

నిన్న రాత్రి దీపం తీసేముందు
నేనే ఒకటి కట్టాను:
"నెస్టా అనడం తేలిక, నెస్టాని దాటడం కష్టం."
సగం మూతితో నవ్వాడు, మంచం కిర్రుమనేలా.
నా మణికట్టు మీద వేలితో తట్టాడు.
మళ్ళీ చెప్పాను.
మళ్ళీ తట్టాడు.